నీలిదట్టీ అబ్బాయికి అన్నం

రువాన్ సూ తమ్ముడు పోయి తొమ్మిదేళ్లు. ఆ తొమ్మిదేళ్లూ వాడు ఆకలితో తిరుగుతున్నాడని ఆమె దిగులు. పోయినవాడికి ఆకలేమిటని ఎవరైనా నవ్వితే, వాళ్లు ఇంకా సొంతమనిషిని పోగొట్టుకోలేదని అర్థం. పెద్దల గదిలో పేరుతో ఒక పలక ఉండాలి. ఏడాదికోసారి దాని ముందు అన్నం పెట్టి పిలవాలి. అప్పుడు వచ్చి తింటారు. పలక లేనివాడికి ఏ గుమ్మమూ లేదు. పక్కవాళ్ల గిన్నెల్లోంచి లేచే ఆవిరి చూస్తూ గాలికి తిరగాల్సిందే.

రువాన్ హెంగ్‌కి పలక లేదు. వాడి గాయాలు వీపు మీద ఉన్నాయి కాబట్టి లేదు.

గంటకొండ మీద కత్తి పట్టుకోవడం నేర్పే ముందే ఇంకో సంగతి నేర్పుతారు. శత్రువుకి వీపు చూపకూడదు. ఆరేళ్ల పిల్లవాడు కూడా పోట్లాటలో వెనక్కి తిరిగితే ఆ పూట అన్నం ఉండదు. వీపు మీద గాయంతో చచ్చినవాళ్లు రెండు రకాలని ఆ కొండ లెక్క. పారిపోతూ చచ్చిన పిరికివాడు ఒకడు. వాడికి ఎప్పటికీ పలక ఉండదు. నమ్మినవాళ్లు వెనక నుంచి పొడిస్తే చచ్చినవాడు రెండోవాడు. ఆ మోసానికి పగ తీరాకే వాడికి పలక పెడతారు. మూడో రకం మనిషి ఉండొచ్చని మూడొందల ఏళ్లుగా ఆ కొండ మీద ఒక్కరికీ తోచలేదు. అంత ఎత్తున కూర్చుంటే కింద సంగతులు ఏం కనిపిస్తాయి, పాపం.

హెంగ్‌ని చంపింది ఎవరో తేల్చడానికి గంటకొండవాళ్లకి గంట పట్టలేదు. శవం సరిహద్దు రాయి దగ్గర దొరికింది. ఒళ్లు శుభ్రంగా కడిగి ఉంది. గంటకొండవాళ్ల గుర్తయిన నీలిదట్టీ నడుముకి పద్ధతిగా కట్టి ఉంది. వీపు మీద మూడు చిల్లులు, వాటి చుట్టూ తారులాంటి నల్లటి పూత. కావలివాడు దూరం నుంచి చూశాడు. ముందు జుట్టులో తెల్లటి పాయ ఉన్న ఆడమనిషి ఒకతె శవాన్ని దింపి, కావలివాళ్లకి వినపడేలా కంచు పళ్లెం మీద నాలుగు దెబ్బలు కొట్టి, కుంటుతూనే కొండ దిగి పరుగు తీసిందట. తెల్లపాయ అంటే ఆకులోయ పెద్ద నూంగ్ మీ. నల్లపూత అంటే విషం. పరుగు తీసిందంటే తప్పు చేసినట్టే. ఇది మోసం, పగ తీరాకే పలక అని పెద్దగురువు ఫెంగ్ తీర్పు చెప్పేశాడు. ఎద్దు ఈనిందంటే దూడని గాటన కట్టెయ్యమన్నవాళ్లు అక్కడ నూటయాభై మంది ఉన్నారు, ఎద్దు ఎలా ఈనుతుందని అడిగినవాడు లేడు. ఆకులోయవాళ్లు సరిహద్దు రాయి దాటితే బాణాలు వేసేది తామేనని, అందుకే ఆవిడ పరుగెత్తి ఉండొచ్చని అనుకున్నవాడూ లేడు.

అసలు ఆకులోయ అనే పేరు ఆ లోయవాళ్లు పెట్టుకున్నది. గంటకొండ మీద దాన్ని విషపులోయ అనే అంటారు. అక్కడివాళ్ల నాలుకలు పచ్చగా ఉంటాయని, పసిపిల్లలకి పాలతోపాటు విషం నాకిస్తారని, వాళ్లు ఊదిన కాగితం ముట్టుకుంటే వేళ్లు రాలిపోతాయని అంటారు. అన్నం తినని పిల్లలకి లోయవాళ్లని పిలుస్తానని చెబుతారు. రువాన్ సూ కూడా తమ్ముడికి ఆ మాట చెప్పే పెంచింది. తల్లీతండ్రీ ఒకే వారంలో జ్వరంతో పోతే, పద్నాలుగేళ్ల పిల్ల, ఐదేళ్లవాణ్ణి చంకనేసుకుని గంటకొండ ఎక్కింది. తను వంటశాలలో గిన్నెలు తోమి, వాణ్ణి కత్తిసాములో చేర్పించింది. వాడు చదివింది ఆమెకి నేర్పాడు, ఆమె వండింది వాడు తిన్నాడు. వాడికి అక్కా అమ్మా ఆమే.

ఇరవై రెండేళ్లకి వాడు పోయాక ఆమె గిన్నెలు పక్కన పెట్టి కత్తి తీసుకుంది. ముప్పై ఒకటో ఏట మొదలుపెట్టినదానికి ఏం వస్తుందని కుర్రాళ్లు మూతులు తిప్పారు. నాలుగేళ్లకి ఆ మూతులు మూతపడ్డాయి. తొమ్మిదో ఏట గంటకొండ మీద ఆమెకి ఎదురు నిలబడగలిగినవాళ్లు ముగ్గురో నలుగురో.

ఈ మధ్యలో ఆమె కడుపు మండించిన సంగతి ఒకటుంది. ఏటా మూడో నెలలో, హెంగ్ శవం దొరికిన రోజుకి సరిగ్గా, సరిహద్దు రాయి మీద ఒక మూట కనిపించేది. అరటాకులో చుట్టి, వెదురునారతో కట్టి ఉండేది. లోయ నుంచి వచ్చింది ఏదైనా విప్పకుండా కాల్చెయ్యాలని గంటకొండ నియమం. ముక్కుకి తడిగుడ్డ కట్టుకుని, పొడుగాటి పటకారుతో పట్టుకుని, పులిసిన బియ్యపునీళ్లు చిలకరించిన కట్టెల మీద వెయ్యాలి. చంపింది చాలక ఏడాదికోసారి వెక్కిరింపు పంపుతున్నారని అందరూ పళ్లు కొరికారు. మూడో ఏడు నుంచి ఆ పటకారు తనకే ఇమ్మని రువాన్ సూ అడిగి తీసుకుంది. మూట కాలి బూడిదయ్యేదాకా అక్కడే నిలబడి చూసేది. ఆ పొగ ఎప్పుడూ చెడ్డ వాసన వెయ్యలేదు. అదే విషం గొప్పతనమని అనుకుంది.

తొమ్మిదో ఏట పగ తీర్చుకోవడానికి పెద్దగురువు అనుమతి ఇచ్చాడు. ఆమె ఒంటరిగా బయల్దేరి, మూడు రోజులు నడిచి, సరిగ్గా వాడు పోయిన రోజున, ఎండ నడినెత్తికి వచ్చిన వేళ లోయలోకి దిగింది. దారిలో ఏమీ ముట్టుకోలేదు. లోయ మొదట్లోని ఊటనీళ్లు కూడా తాగలేదు. నోరు ఎండి పిడచకట్టుకుపోయింది.

నూంగ్‌వాళ్ల ఇల్లు పొడుగాటి చెక్క ఇల్లు. ముందు పెద్ద వాకిలి. రువాన్ సూ కంచె దగ్గర ఆగి లోపలికి చూసి, కాసేపు తన కళ్లని తానే నమ్మలేదు. వాకిట్లో బల్లలు వేసి ఉన్నాయి. ఉడికించిన కోడి, పొగబెట్టిన పందిమాంసం, పుల్లటి వెదురుకొమ్ములు, ఆకుల్లో పొట్లాలు కట్టిన జిగురన్నం, సారా కూజా. పదిమంది దాకా శుభ్రమైన బట్టలు కట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్నారు. ఎవరో నవ్వారు కూడా. తన తమ్ముడు చచ్చిన రోజు వీళ్లకి విందు రోజు. ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది.

ఎంత మంట ఎక్కినా గంటకొండ మనిషి పద్ధతి తప్పదు. కత్తి దూసే ముందు పేరూ కొండా మూడుసార్లు చెప్పాలి. ఆమె కంచె తన్ని లోపలికి వచ్చి, మూడుసార్లూ చెప్పింది. తెల్లపాయ ఉన్న ఆడమనిషి, ఏభై దాటినది, చేతిలో గరిటెతో ముందుకొచ్చింది. వచ్చేసరికి కత్తిమొన ఆవిడ గొంతు దగ్గరుంది. ఆవిడ కత్తిని చూడలేదు. రువాన్ సూ నడుముకున్న నీలిదట్టీని చూసింది.

"మీరు ఆ అబ్బాయికి ఏమవుతారమ్మా?"

"అక్కని. పేరు గుర్తుపెట్టుకుని చావు."

నూంగ్ మీ మొహంలో భయం కనిపిస్తుందని రువాన్ సూ తొమ్మిదేళ్లుగా ఊహించుకుంది. కనిపించింది భయం కాదు. ఆవిడ గరిటె జారవిడిచి, కాళ్లు లేనిదానిలా నేల మీద చతికిలబడి, ఇంట్లోకి గొంతెత్తి పిలిచింది.

"అమ్మా, వచ్చారే. అబ్బాయి తాలూకువాళ్లు వచ్చారు."

ఇక్కడ వచ్చిపడింది చిక్కు. కూర్చున్నవాళ్ల మీద, పడుకున్నవాళ్ల మీద, నోట్లో ముద్ద ఉన్నవాళ్ల మీద గంటకొండ కత్తి లేవకూడదు. అది పెద్దగురువు కూడా మార్చలేని నియమం. లేచి నిలబడమని రువాన్ సూ గద్దించింది. మోకాళ్లలో సత్తువ లేదమ్మా, కాసేపాగండి అంది నూంగ్ మీ. లోయవాళ్లు తక్కువవాళ్లా. అక్కడున్న పదిమందీ ఒకరి తర్వాత ఒకరు, గింజలు రాలినట్టు, ఎక్కడివాళ్లక్కడ కూర్చున్నారు. తొమ్మిదేళ్లు సాధన చేసిన కత్తి పట్టుకుని, ఆ వాకిలి మొత్తానికి రువాన్ సూ ఒక్కతే నిలబడి ఉంది. ఎవరైనా చూస్తే పిల్లలకి పాఠం చెబుతోందనుకుంటారు.

ఇంతలో ఇంట్లోంచి కర్ర చప్పుడు. తొంభై దాటిన ముసలమ్మ, రెండు కళ్లూ తెల్లగా పూసినది, గుమ్మం పట్టుకుని బయటికొచ్చింది. నూంగ్ మీ తల్లి. లోయలో అందరికీ పెద్దవ్వ.

"ఎవరే అది, గాలికి అడ్డంగా? అబ్బాయి తాలూకు పిల్లేనా? నిలబెట్టే మాట్లాడుతున్నారా, సిగ్గులేని మంద."

ఏ విందు చేసుకుంటున్నారని రువాన్ సూ అడిగింది. తన తమ్ముణ్ణి వెనక నుంచి చంపి, వీపుకి విషం పూసి, గుమ్మంలో పారేసి, ఏటా మూటలు పంపి నవ్వుకుంటూ, ఈ రోజు పండగ చేసుకుంటారా అని అడిగింది. మాటలు ఒకదాని మీద ఒకటి పడిపోయాయి. లోయవాళ్లు తెల్లమొహాలు వేశారు. అందరికన్నా తెల్లమొహం వేసింది నూంగ్ మీ.

"విషమా? ఏ విషం?" అంది ఆవిడ. "అది పుండు మానే మందు కదమ్మా. ఊపిరి ఉందేమోనని పూశాను. లేదు. అయినా తుడవడానికి చేతులు రాలేదు."

అబద్ధమంది రువాన్ సూ. అబద్ధమైతే అబద్ధమని వినమంది పెద్దవ్వ, వినడానికి ఒళ్లేం అరగదంది. గుమ్మం ముందు ముక్కాలిపీట లాక్కుని కూర్చుని, తనే మొదలుపెట్టింది.

ఆ రోజు కూతురు తనని వీపు మీద మోసుకుని తాళ్లవంతెన దాటుతోందట. కళ్లు పోయిన కొత్త, నడక చాతకాదు. అవతలి ఒడ్డున గంటకొండ కుర్రాడు ఒకడు వంతెన ఖాళీ అయ్యేదాకా ఆగి నిలబడ్డాడట. లోయవాళ్లతో ఒకే వంతెన మీద నడవడం వాళ్లకి మైల మరి, అంది పెద్దవ్వ దెప్పుతూ. అప్పుడే వెనక కొండ మీంచి ఉప్పు బళ్లు కొల్లగొట్టే దొంగలు విల్లులు ఎక్కుపెట్టారు. వాళ్లకి కావలసింది నూంగ్ మీ నడుముకున్న మందుల సంచి. కూతురు కాలికి బాణం తగిలి, వంతెన చివర తల్లీకూతుళ్లిద్దరూ కిందపడ్డారు. లేవలేరు, పాకలేరు. బాణాలు వస్తూనే ఉన్నాయి. అప్పుడు ఎవరో పరుగెత్తుకొచ్చి ముసలమ్మ మీద బోర్లా పడుకున్నారు. దొంగల వైపు వీపు పెట్టి.

"ముందు తిట్టాను," అంది పెద్దవ్వ. "ఎవడ్రా నా మీద పడింది, లెగు అన్నాను. లేవకవ్వా, తల దించు అన్నాడు. ఒక్కొక్క బాణం తగిలినప్పుడల్లా వాడి ఒళ్లు అదురుతుంటే నాకు తెలుస్తోంది. మూడు. మూడోది వాణ్ణి దాటుకుని నాకూ దిగింది. అప్పుడు నా కూతురు ఒక్క మందు డబ్బా ఉంచుకుని సంచి విసిరేస్తే, దొంగలు అది ఏరుకుని పోయారు."

ముసలమ్మ చొక్కా మెడ పక్కకి లాగి భుజం చూపించింది. ఎముక కింద గుండ్రటి పాత మచ్చ, రాగిపైస అంత.

హెంగ్ శవానికి చివరి స్నానం చేయించింది రువాన్ సూ. ఆ ఒంటి మీద ప్రతి చిల్లూ ఆమెకి తెలుసు. రెండు లోపలే ఆగిపోయాయి. ఒకటి మాత్రం ఎడమ జబ్బ కింద దిగి, ముందు వైపు, మెడకింద ఉండే కంటె ఎముక దిగువన బయటికొచ్చింది. గంటకొండవాళ్లు వీపు చూసినంత శ్రద్ధగా రొమ్ము చూడలేదు. ఆమె చూసింది, కడిగింది, ఎవరికీ చెప్పలేదు. కత్తి దించకుండానే వంగి, ఎడమచేతి వేలితో ఆ మచ్చని తాకింది. దాని అంచులు తడిమింది. తమ్ముడి రొమ్ము మీద తను గుడ్డతో ఒత్తిన చిల్లు ఇంతే ఉండేది. ముసలమ్మ మీద బోర్లా పడుకుంటే ఆ చిల్లు ఎక్కడ ఆనుతుందో కొలవడానికి ఆమెకి తాడు అక్కర్లేదు. ఆ తలని చిన్నప్పుడంతా తన భుజం మీద పెట్టుకుని నిద్రపుచ్చిన మనిషి ఆమె.

వాడు పారిపోలేదు. వాణ్ణి ఎవరూ మోసం చెయ్యలేదు. చూసి, తెలిసి, తనే వీపు తిప్పాడు. అదీ ఒక ముసలమ్మ కోసం, లోయ మనిషి కోసం. ఏ లోయ పేరు చెప్పి వాడికి అన్నం తినిపించిందో ఆ లోయ కోసం.

కత్తి ఎప్పుడు దించిందో ఆమెకి తెలియదు. దించాక చెయ్యి తేలికైపోయి, తనది కానట్టు వేలాడింది. ఇంక ఎవర్నీ చంపనక్కర్లేదన్న మాట ఆమె మనసులో నెమ్మదిగా తిరిగింది. తొమ్మిదేళ్లుగా చంపాలని ఉందనుకుంది గానీ, చంపనక్కర్లేదని తెలిసినప్పుడు కలిగిన సుఖం చూశాకే తనకి చంపాలని ఎప్పుడూ లేదని అర్థమైంది.

మరి ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదని అడిగింది. కనీసం ఒక ముక్క రాసి పంపొచ్చు కదా అంది.

"ఏటా రాశాను కదమ్మా," అంది నూంగ్ మీ. "మొదటి ఏడు జరిగిందంతా రాశాను. జవాబు లేదు. తర్వాత ఒకటే రాస్తూ వచ్చాను, ఆ అబ్బాయి పేరేంటో చెప్పండి చాలు అని. ఈ ఏడాదిదీ నాలుగు రోజుల కిందటే పంపాను. మా చేతిరాత ముట్టుకుంటే మైలనుకుంటున్నారులే అనుకున్నాం. మీ కొండవాళ్లకి గుండెలుండవు, గంటలే ఉంటాయని మావాళ్లు అంటుంటారు."

రువాన్ సూ తప్పు ఒప్పుకునే చిన్నపిల్లలా నేల చూస్తూ, మూటలన్నీ కాల్చేశామని చెప్పింది. విప్పలేదని చెప్పింది. ఆరు తన చేత్తోనే కాల్చానని, పటకారు అడిగి మరీ తీసుకున్నానని చెప్పింది.

ఈసారి కోపం రావలసింది లోయవాళ్లకి. వచ్చింది కూడా, ఒకరిద్దరి మొహాల్లో కనిపించింది. నూంగ్ మీ మాత్రం నోరు తెరుచుకుని అలా చూసి చూసి, చివరికి తల పట్టుకుంది.

"ఉత్తరం పోతే పోయింది," అంది. "అందులో ఏటా కొండపుట్టగొడుగులు పెట్టాను కదమ్మా. పదమూడు రోజులు ఎండబెట్టినవి. ఒక్కోటి అరచెయ్యంత."

అందుకే పొగ కమ్మగా ఉండేది. రువాన్ సూకి నవ్వొచ్చింది. తొమ్మిదేళ్లుగా వాడని నవ్వు, తుప్పుపట్టిన గడియలా కిర్రుమంటూ వచ్చింది. నవ్వుతూనే కూర్చుండిపోయింది. ఆమె కూర్చోగానే వాకిట్లో పదిమందీ ఊపిరి వదిలారు.

కడవలోంచి ఎవరో నీళ్లు తెచ్చిచ్చారు. పచ్చనాలుకల సంగతి గుర్తొచ్చి ఒక్క క్షణం చెంబు వైపు చూసింది. తర్వాత గడగడ తాగేసింది. ముసలమ్మ ఆ ఆలస్యం చెవులతోనే పట్టేసింది. నాలుక బయటపెట్టి, చూసుకో అంది. ఎర్రగానే ఉంది. కాస్త తమలపాకు మరక, అంతే.

అప్పుడు రువాన్ సూ అడగవలసింది అడిగింది. వాడు చివరికి ఏమన్నాడని. చిన్న వయసులో పోయినవాళ్లు పెద్ద మాటలు చెప్పి పోతారని గంటకొండ మీద కథలు చెబుతారు, గురువు పేరు తలుచుకుంటారని, ప్రతిజ్ఞలు చేస్తారని.

పెద్దవ్వ పీట మీద కాస్త సర్దుకుంది.

"ఆకలేస్తోందవ్వా అన్నాడు," అంది. "పొద్దుట్నించీ ఏం తినలేదన్నాడు. ముందు లెగరా నాయనా, ఇంటికెళ్లాక కడుపునిండా పెడతానన్నాను. సరే అన్నాడు. తర్వాత ఎంత పిలిచినా పలకలేదు."

వాడు ఆ పొద్దున తినకుండా ఎందుకు వెళ్లాడో ఈ లోకంలో రువాన్ సూ ఒక్కదానికే తెలుసు. ఎవరికీ చెప్పలేదు. వాడు మంచి సానరాయి ఒకటి పోగొట్టుకున్నాడు. దానికి ఆమె పొయ్యి దగ్గర నిలబడి తిట్టింది, తిట్టి తిట్టి తల్లీతండ్రీ లేని బతుకుదాకా వెళ్లింది. వాడు ఎదురుచెప్పలేదు. గంజిగిన్నె అలాగే వదిలేసి, దట్టీ బిగించుకుని కొండ దిగిపోయాడు. ఆ గిన్నె మీద మీగడ కట్టింది. తొమ్మిదేళ్లుగా ఆమె పగ అనుకున్నదాని కింద ఉన్నది ఆ గంజిగిన్నె. పలక లేక ఆకలితో తిరుగుతున్నాడన్న ప్రతిసారీ ఆమెకి కనిపించింది అదే.

ఆమె ఏడ్చింది. పద్ధతీ నియమమూ లేకుండా, వాకిలి మధ్యలో, ముక్కు కారుతుంటే చేత్తో తుడుచుకుంటూ ఏడ్చింది. ఎవరూ ఊరుకోమనలేదు. లోయవాళ్లకి ఆ మాత్రం తెలుసు.

"అన్నం పెడతానని నోటితో అన్నాక పెట్టాలిగా," అంది పెద్దవ్వ, తనకి తనే చెప్పుకుంటున్నట్టు. "అందుకే పెడుతున్నాం. ఇది విందు కాదే పిల్లా. ఇది వాడి తద్దినం."

నూంగ్ మీ ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది. ఇంటి నడిమిగదిలో గోడకి నూంగ్‌వాళ్ల తాతముత్తాతల పలకలు వరసగా ఉన్నాయి. వాటి పక్కనే, వాటికన్నా కొత్తగా, నున్నగా, ఇంకో పలక. ముందు అగరుపుల్లలు వెలుగుతున్నాయి. గిన్నెడు జిగురన్నం, కోడితొడ, సారా గ్లాసు ఉన్నాయి. పలక మీద పేరు లేదు. నీలిదట్టీ అబ్బాయి, ఈ ఇంటి కొడుకు అని చెక్కి ఉంది. మరి పేరు తెలియదు కదమ్మా అని నూంగ్ మీ సంజాయిషీ చెప్పుకుంది. శిక్ష వేస్తారేమో అన్నట్టు చెప్పుకుంది, ఆ పిచ్చితల్లి.

రువాన్ సూ ఆ అన్నం గిన్నె వైపే చూస్తూ నిలబడింది. ఏటా పెట్టారా అని అడిగింది. ఏటా ఏమిటి, నెలకి రెండుసార్లు, అమావాస్యకీ పౌర్ణమికీ అంది నూంగ్ మీ. మొదటి ఏడైతే అమ్మ రోజూ పెట్టించింది, కుర్రాడు ఎదిగే వయసు అని. రువాన్ సూ గుండెల మీద నుంచి ఏదో బరువు పక్కకి దొర్లి పడినట్టయింది. తను తొమ్మిదేళ్లు తిండి సహించక, నిద్ర పట్టక, వాడు ఏ గుమ్మం బయట నిలబడ్డాడో అని కుమిలింది. వాడు ఇక్కడ, నడింట్లో, నెలకి రెండుసార్లు కోడితొడ తింటున్నాడు.

కర్ర చప్పుడు చేసుకుంటూ పెద్దవ్వ కూడా వచ్చింది. ఆమెకి వేరే దిగులుంది.

"పేరు లేకుండా పిలిచాం. వాణ్ణే పిలుస్తున్నామని వాడికి తెలిసిందో లేదో. నాకు కళ్లు కూడా లేవాయె. వచ్చాడంటావా?"

"వచ్చే ఉంటాడవ్వా," అంది రువాన్ సూ. "వాడికి అన్నం వాసన చాలు. పేరు పెట్టి పిలిస్తేనే ఒక్కోసారి పలికేవాడు కాదు."

ముసలమ్మ మొహం విప్పారింది.

పలక తీసుకెళ్లమని నూంగ్ మీ అంది. మీవాడు, మీ కొండకి తీసుకెళ్లండి, మాకు దిగులుండదు అంది. దిగులుంటుందని గొంతులోనే తెలిసిపోతోంది. రువాన్ సూ పెద్దగురువు ఫెంగ్ గురించి ఆలోచించింది. తిరిగి వెళ్లి జరిగింది జరిగినట్టు చెబుతుంది. ఆయన నమ్మడు. లోయవాళ్లు మందు పెట్టి మతి పోగొట్టారంటాడు. అన్నా సరే, నూటయాభై మంది ముందూ మళ్లీ చెబుతుంది. మూడో రకం మనిషి ఉన్నాడని, వాడు తన తమ్ముడని చెబుతుంది. కానీ ఆ మనుషుల ముందు మోకరిల్లి ఒక చెక్కముక్క అడిగే అవసరం ఇంక ఆమెకి లేదు.

వద్దు పిన్నీ అంది. ఆ పిలుపు నోట్లోంచి దానంతటదే వచ్చింది. తొమ్మిదేళ్లు ఇక్కడే తిన్నాడు, ఇప్పుడు ఇల్లు మారిస్తే దారి తప్పుతాడు అంది. ఏటా తనే వస్తానంది. పలక మీద రువాన్ హెంగ్ అని చెక్కించమంది. నూంగ్ మీ ఆ పేరు రెండుసార్లు పెదాలతో పలికి చూసుకుంది. వాకిట్లో ఉన్నవాళ్లు ఒకరి నుంచి ఒకరు అందుకున్నారు. హెంగ్, హెంగ్ అని ఇల్లంతా వినిపించింది.

పిలిచే వేళయిందని పెద్దవ్వ చెప్పింది. ఆ లోయలో పోయినవాళ్లని గుమ్మంలో నిలబడి, దారి వైపు తిరిగి పిలుస్తారు. ఇన్నేళ్లూ పెద్దవ్వే పిలిచింది. ఈసారి రువాన్ సూని ముందుకి తోసి, అక్కవి ఉండగా నేనెందుకే అంది.

రువాన్ సూ గుమ్మంలో నిలబడింది. ఎదురుగా లోయ, ఎండలో మెరుస్తున్న ఆకులు, పైకి పోయే దారి. రువాన్ హెంగ్ అని పిలవబోయింది. ఆ పేరుతో వాణ్ణి ఆమె ఎప్పుడూ పిలవలేదు. అది గురువులు పిలిచే పేరు. చిన్నప్పుడు వాడు గుండ్రంగా బొద్దుగా ఉండేవాడు. వాణ్ణి చంకనెత్తుకుని కొండ ఎక్కినప్పుడు పెట్టిన పేరు ఒకటుంది, ఇరవై రెండేళ్లొచ్చినా నలుగురిలో ఆ పేరు పెట్టి పిలిచి వాణ్ణి సిగ్గుతో తల దించుకునేలా చేసేది. ఆ పేరే వచ్చింది నోటికి. వంటశాల గుమ్మంలోంచి ఆటస్థలం దాకా వినపడేలా పిలిచే ఆ పాత గొంతు కూడా వచ్చింది.

"ఒరేయ్ గుమ్మడీ. ఎంతసేపురా ఇంకా? అన్నం చల్లారిపోతోంది, రా." కాస్త ఆగి, గొంతు తగ్గించి అంది. "రారా. ఇవాళ తిట్టనులే."

తర్వాత లోపలికొచ్చి, ముసలమ్మ పక్కన కూర్చుని, పెట్టిందల్లా తింది.